శిరస్సు లోపలి చిత్రము: కంప్యూటరు నోటుబుక్కులో మెదడును చూచు పద్ధతి

మానవ శరీరమునందలి అవయవములలో మెదడు మిక్కిలి భద్రముగా దాచబడినది. చర్మము, పుర్రె ఎముక, దాని క్రింద మూడు పొరలు, ఆ పొరల నడుమ నీటివంటి ద్రవము, వీనియన్నింటి లోపల అది యుండును. ఈ రక్షణయే వైద్యునికి అడ్డంకియగుచున్నది. పొట్టను చేతితో నొక్కి చూడవచ్చును. గుండె చప్పుడును గొట్టముతో వినవచ్చును. మెదడును తాకి చూచుటకుగాని, విని తెలిసికొనుటకుగాని వీలులేదు. అందుచేత శిరస్సును తెరువకయే దాని లోపలి స్థితిని కనుగొను సాధనములు వైద్యశాస్త్రమునకు అత్యవసరములైనవి.

ఈ సాధనములు మెదడును కొలిచి, ఆ కొలతలను అంకెల రూపమున ఇచ్చును. ఆ అంకెలను కంప్యూటరు త్రిమితీయ చిత్రముగా, అనగా పొడవు, వెడల్పు, లోతు మూడును గల చిత్రముగా మార్చును. ఈ చిత్రము ఎట్లు తయారగును, దానిని ఎంతవరకు నమ్మవలెను, తన శిరస్సు చిత్రము విషయమున ప్రతి వ్యక్తియు తీసికొనవలసిన జాగ్రత్తలు ఏవి అను అంశములు ఇందు వివరింపబడుచున్నవి.

ఉక్కు పట్టణమునుండి ఒక ఉపమానము

జంషెడ్‌పూరు వంటి పట్టణమున ఈ విషయమును బోధించుట సులభము. టాటా ఇనుము, ఉక్కు కంపెనీ 1907లో స్థాపింపబడి, 1912లో ఉక్కును ఉత్పత్తి చేయనారంభించెను. సాక్చి యను గ్రామము 1919లో జంషెడ్‌పూరు అను పేరు పొందెను. తెలుగు జిల్లాలనుండి, ముఖ్యముగా ఉత్తరాంధ్రమునుండి, పనికై వెళ్లిన కుటుంబములు బిష్టుపూరు, కదమా మొదలగు పేటలలో తరతరములుగా స్థిరపడియున్నవి. జాతీయ లోహశోధనశాల 1950లో ఈ పట్టణమునందే ప్రారంభింపబడినది. మహాత్మాగాంధీ స్మారక వైద్య కళాశాల 1961లో నెలకొల్పబడినది. లోహమును పరీక్షించు శాస్త్రమును, శరీరమును పరీక్షించు శాస్త్రమును ఒకే ఊరిలో ఉన్నవి.

ఉక్కు దిమ్మెలో గాలిబుడగ యున్నను, అతుకులో సన్నని పగులున్నను అది పైకి కనిపించదు. పగులగొట్టి చూచినచో లోపము తెలియునుగాని వస్తువు పాడగును. అందుచేత ఎక్స్-కిరణములతోను, అతిధ్వనితోను లోపలిని పరీక్షింతురు. తలకు దెబ్బ తగిలినవాని విషయమున వైద్యులు చేయునదియు ఇదియే. అయితే ఒక భేదము కలదు. ఉక్కు దిమ్మె చెడిపోయినచో దానిని మరల కరగింపవచ్చును.

తలకు దెబ్బ తగిలి స్పృహతప్పి, కొంతసేపటికి తెలివి వచ్చి, అందరితో బాగుగనే మాటలాడి, కొన్ని గంటల పిమ్మట మగతలో పడిపోవు రోగులు కలరు. పుర్రెకును, మెదడు పైపొరకును నడుమనున్న రక్తనాళము తెగి, రక్తము గూడుకట్టుట ఇందుకు ఒక కారణము. ఆ రక్తము మెదడును అణగద్రొక్కును. సకాలములో కనుగొని తీసివేసినచో రోగి బ్రదుకును. అందుచేతనే శిరస్సు లోపలి చిత్రము ప్రాణములతో ముడిపడిన విషయము.

చిత్రము అంకెలతో పుట్టును

సామాన్యమైన ఎక్స్-రే చిత్రము ఒక నీడ వంటిది. తల ముందుభాగమును, వెనుకభాగమును ఒకదానిపై నొకటి పడి ఒకే పటముగా కనబడును. ఈ చిక్కును తొలగించినది సి.టి. స్కాను. ఇంగ్లండులో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డు అను ఇంజనీరు దీనిని నిర్మించెను. వింబుల్డనులోని అట్కిన్సన్ మోర్లే ఆసుపత్రిలో 1971 అక్టోబరు 1వ తేదీన మొదటిసారి ఒక రోగి తలను దీనితో పరీక్షించిరి. ఇట్టి చిత్రములకు వలయు గణితమును అంతకు పూర్వమే స్వతంత్రముగా సాధించిన అలన్ కార్మాకుతో కలిసి హౌన్స్‌ఫీల్డు 1979లో నోబెల్ బహుమానము నందెను.

సి.టి. యంత్రములో ఎక్స్-కిరణముల గొట్టము తలచుట్టును తిరుగును. ఎన్నో దిశలనుండి పంపిన కిరణములలో ఎంత భాగము ఆవలికి చేరెనో కొలిచి, ఆ కొలతలనుండి తలలోని ప్రతి చిన్న స్థలము ఎంత సాంద్రమైనదో కంప్యూటరు లెక్కగట్టును. ఈ సాంద్రతను హౌన్స్‌ఫీల్డు పేరిట ఒక మానముతో చెప్పుదురు. ఆ మానములో నీటికి 0, గాలికి −1000. క్రొవ్వు సుమారు −100 వద్ద నుండును. మెదడు కణజాలము 25 మొదలు 40 వరకు, గడ్డకట్టిన క్రొత్త రక్తము 50 మొదలు 80 వరకు నుండును. గట్టి ఎముక వందలు దాటి 1000కి పైగా పోవును.

తల యావత్తును ఇట్లు సన్నని చదరపు దిమ్మెలుగా విభజింపబడినట్లు భావింపవచ్చును. ఒక్కొక్క దిమ్మెను వాక్సెలు అందురు. ఒక పొరలో 512 వరుసలు, ఒక్కొక్క వరుసలో 512 వాక్సెలులు ఉన్నచో మొత్తము 2,62,144 అగును. అట్టి పొరలు 200 ఉన్నచో 5,24,28,800 వాక్సెలులు. ఒక మనుష్యుని తల చిత్రమనగా ఇన్ని అంకెల రాశి. ఇది కంప్యూటరులో సుమారు 100 మెగాబైట్ల స్థలమును ఆక్రమించును.

రెండవ సాధనము ఎం.ఆర్.ఐ. ఇందులో ఎక్స్-కిరణములు లేవు. బలమైన అయస్కాంతము, రేడియో తరంగములు ఉపయోగింపబడును. శరీరములోని నీటియందలి హైడ్రోజను పరమాణువులు ఇచ్చు సంకేతములనుండి చిత్రము తయారగును. మెదడులోని బూడిదరంగు పదార్థమును, తెల్లని పదార్థమును వేరుపరచి చూపుటలో ఎం.ఆర్.ఐ. సి.టి. కంటె మేలైనది. ఎముక పగులును, క్రొత్త రక్తస్రావమును త్వరగా చూపుటలో సి.టి. మేలైనది. మరియొక భేదమును గమనింపవలెను. సి.టి. అంకెలకు నీరు, గాలి అను స్థిరమైన ఆధారములు కలవు. సాధారణ ఎం.ఆర్.ఐ. చిత్రములోని అంకెలకు అట్టి స్థిరమానము లేదు. ఒక యంత్రముపై 300 అను అంకె వేరొక యంత్రముపై అదే అర్థము నీయదు.

అంకెలనుండి ఆకారము

ఈ అంకెల రాశిని కంటికి కనబడునట్లు చేయుటకు ముఖ్యముగా మూడు మార్గములు కలవు.

మొదటిది పొరలుగా చూచుట. సొరకాయను అడ్డముగా, నిలువుగా, ప్రక్కవాటుగా కోసి చూచినట్లు, తలను మూడు దిశలలో కోసినట్లు చూపుదురు. చూచువాడు ఒకచోట గుర్తుంచినచో ఆ బిందువుగుండ పోవు మూడు కోతలును ఒకేసారి తెరపై కనబడును. వైద్యుని నిర్ణయమునకు నేటికిని ఇదియే ప్రధానాధారము.

రెండవది ఉపరితలమును కట్టుట. ఒక అంకెను హద్దుగా నిర్ణయించి, అంతకు మించిన వాక్సెలులు లోపలివి, తక్కువవి వెలుపలివి అని విభజించి, ఆ హద్దు వెంబడి చిన్న త్రిభుజములతో ఒక తొడుగును అల్లుదురు. లోరెన్‌సెన్, క్లైను అను ఇద్దరు 1987లో ప్రకటించిన పద్ధతి ఇందుకు ప్రసిద్ధమైనది. సి.టి. అంకెలలో హద్దును 300 వద్ద పెట్టినచో పుర్రె వచ్చును. దానినే −300 వద్ద పెట్టినచో చర్మము, అనగా ముఖము, వచ్చును. ఒకే రాశినుండి ఒక సంఖ్యను మార్చుటచే ఎముకయు, ముఖమును వేరువేరుగా లభించుచున్నవి.

మూడవది రాశి యంతటిని పారదర్శకముగా చూపుట. ప్రతి వాక్సెలుకును దాని అంకెనుబట్టి కొంత రంగును, కొంత మసకను కల్పించి, కంటినుండి పోవు చూపు వాని గుండ సాగినట్లు లెక్కగట్టుదురు. అప్పుడు పొగమంచులో దీపమువలె లోపలి భాగములు పైభాగములగుండ కానవచ్చును.

కంప్యూటరు నోటుబుక్కు అనగా నేమి?

చిత్రమును చూపు యంత్రములు ఆసుపత్రులలో చాలకాలమునుండి కలవు. అయితే వానిలో చిత్రము కనబడునేగాని, అది ఏ లెక్కలచే తయారైనదో కనబడదు. పరిశోధకునికి, విద్యార్థికి ఆ లెక్కయే ముఖ్యము. ఈ కొరతను తీర్చుటకు పుట్టినది కంప్యూటరు నోటుబుక్కు.

ఇది కాగితపు పుస్తకము కాదు. తెరపై తెరచుకొను ఒక పత్రము. ఇందులో గడులు వరుసగా నుండును. ఒక గడిలో సామాన్యభాషలో వివరణ వ్రాయుదురు. తరువాతి గడిలో కంప్యూటరునకు ఆదేశములు వ్రాయుదురు. ఆ ఆదేశమును నడిపినవెంటనే దాని ఫలితము, అంకెగాని, పట్టికగాని, చిత్రముగాని, అదే గడి క్రింద ప్రత్యక్షమగును. ఆదేశములో ఒక సంఖ్యను మార్చి మరల నడిపినచో ఫలితము మారును.

ఫెర్నాండో పెరెజ్ అను శాస్త్రజ్ఞుడు 2001లో ప్రారంభించిన ఐపైథాను అను సాధనము ఇందుకు మూలము. 2011లో దానికి నోటుబుక్కు రూపము వచ్చెను. 2014లో జూపిటర్ అను పేరు ఏర్పడెను. జూలియా, పైథాను, ఆర్ అను మూడు కంప్యూటరు భాషల పేర్లను ఈ నామము స్ఫురింపజేయును. గెలీలియో 1610లో బృహస్పతి గ్రహముయొక్క చంద్రులను చూచి, ప్రతిరాత్రియు వాని స్థానములను బొమ్మగీసి, ప్రక్కనే వ్యాఖ్య వ్రాసికొనిన పుస్తకములకు గౌరవసూచకముగను ఈ పేరు చెప్పబడుచున్నది. చూచినదియు, ఆలోచించినదియు ఒకేచోట నుండుట ఈ రెండింటికిని సామాన్యము.

ఉక్కు కార్ఖానాలో పనిచేసినవారికి దీని ప్రయోజనము వెంటనే బోధపడును. అక్కడ ప్రతి కరగింపునకును ఒక హీటు నంబరు వేయుదురు. కడ్డీ ఎక్కడికి పోయినను ఆ నంబరునుబట్టి అందు ఏ పదార్థములు ఎంత పాలు కలవో తిరిగి చూడవచ్చును. నోటుబుక్కు చిత్రమునకు అట్టి నంబరు వంటిది. ఈ చిత్రము ఏ స్కానునుండి వచ్చెను, ఏ హద్దు పెట్టిరి, ఎంత నునుపు చేసిరి అను విషయములు చిత్రముతోపాటే నిలిచియుండును.

నోటుబుక్కులో మెదడును చూచు క్రమము

మొదట స్కాను దస్త్రమును తెరువవలెను. ఆసుపత్రి యంత్రములు డైకామ్ అను ఏర్పాటులో చిత్రములను భద్రపరచును. మెదడు పరిశోధనలో నిఫ్టీ అను ఏర్పాటు ఎక్కువగా వాడుకలో నున్నది. పైథాను భాషలో నిబాబెల్ అను ఉపకరణ సంపుటి ఇట్టి దస్త్రములను చదివి, అంకెల రాశిని చేతికిచ్చును. దానితోపాటు ప్రతి వాక్సెలు పరిమాణము ఎంత, ఏ దిక్కు కుడి, ఏ దిక్కు ఎడమ అను వివరములను ఇచ్చును.

తరువాత నైలెర్న్ అను సంపుటితో మూడు కోతల దృశ్యమును గడి క్రింద తెప్పించుకొనవచ్చును. మౌసుతో ఒకచోట నొక్కినచో మూడు పటములును ఆ స్థలమునకు కదలును. మెదడు పైభాగపు మడతలను త్రిమితీయముగా చూపి, చేతిలో కొబ్బరికాయను త్రిప్పినట్లు నలుదిక్కులకు త్రిప్పి చూచుటకును ఇందు వీలు కలదు. పైవీస్టా, కె3డి మొదలగు సంపుటులు పుర్రె ఉపరితలమును, పారదర్శక దృశ్యమును చూపుటకు ఉపయోగపడును. ఒక జారుడు మీటను కల్పించుకొని హద్దు సంఖ్యను ఇటునటు జరిపినచో చర్మము తొలగి ఎముక బయటపడుటయు, ఎముక సన్నగిల్లి మాయమగుటయు కన్నులయెదుట జరుగును.

ఎం.ఎన్.ఇ. అను సంపుటి మెదడునందలి విద్యుత్ సంకేతములను పరిశీలించువారికై ఏర్పడినది. మూర్ఛరోగుల తలపై అంటించు విద్యుద్గ్రాహకములు ఎక్కడెక్కడ నున్నవో ఇది త్రిమితీయమైన తలపై చూపును. ఇందుకు ముక్కు మొదటి గుంట, రెండు చెవుల ముందరి బిందువులు, ఈ మూడింటిని ఆధారముగా గైకొని, కొలిచిన స్థానములను ఎం.ఆర్.ఐ. తలతో జతపరతురు. జతపరచుటలో పొరపాటు వచ్చినచో సంకేతము పుట్టినచోటు కూడ తప్పుగా కనబడును. తలను త్రిప్పి చూచినచో చర్మములోనికి దిగిపోయిన గ్రాహకమును, గాలిలో తేలు గ్రాహకమును కంటితోనే పట్టుకొనవచ్చును. అంకెల పట్టికలో ఈ తప్పు సులభముగా కనబడదు.

ఇవన్నియు ఎవరైనను ఉచితముగా పొందదగినవి. అందరి ఉపయోగమునకై విడుదల చేయబడిన నమూనా మెదడు చిత్రములును లభించును. కావున జంషెడ్‌పూరులోగాని, శ్రీకాకుళములోగాని ఒక సామాన్యమైన కంప్యూటరు గల విద్యార్థి కూడ, ఏ రోగి చిత్రమును తాకకుండగనే, ఈ విద్యను అభ్యసింపవచ్చును.

అందమైన చిత్రము మోసగించు విధములు

త్రిమితీయ చిత్రము చూచువానిని తేలికగా ఒప్పించును. ఈ కారణముచేతనే దానిని జాగ్రత్తతో చూడవలెను. ఇందు నాలుగు తప్పులు ముఖ్యముగా సంభవించును.

మొదటిది హద్దు విషయము. కనుగుంటలోని ఎముక కాగితమువలె పలుచనిది. ఒక వాక్సెలులో సగము ఎముక, సగము మెత్తని భాగము ఉన్నచో దాని అంకె రెండింటికి నడుమ నుండును. అప్పుడది హద్దుకు లోబడి, చిత్రములో లేని రంధ్రము కనబడును. అట్లే సన్నని పగులు, నునుపు చేయుటలో పూడిపోయి కనబడకపోవచ్చును. ఇందుకు విరుద్ధముగా, అడ్డకోతకు సమాంతరముగా పోవు పగులు పొరలలో దాగి, త్రిమితీయ చిత్రములో స్పష్టమగుటయు కలదు. కావున ఒకదానిని రెండవదానితో సరిచూచుకొనవలెనేగాని, ఒకదానికై రెండవదానిని విడువరాదు.

రెండవది కుడి, ఎడమల విషయము. వైద్యులు రోగి పాదములవైపునుండి చూచినట్లు పటమును ఉంచుదురు. కనుక రోగి ఎడమభాగము పటములో కుడివైపున నుండును. కొందరు పరిశోధకులు దీనికి విరుద్ధముగా చూపుదురు. పూర్వము వాడిన ఒక దస్త్రపు ఏర్పాటులో దిక్కుల వివరము నిస్సందేహముగా నుండెడిది కాదు. ఆ లోపమును సరిచేయుట నిఫ్టీ ఏర్పాటుయొక్క ముఖ్యోద్దేశములలో నొకటి. తెరపై కుడి, ఎడమలను అక్షరములతో గుర్తింపని శిరశ్చిత్రము అసంపూర్ణమని గ్రహింపవలెను.

మూడవది రంగుల విషయము. మెదడు పనిచేయుచుండగా తీయు ఎం.ఆర్.ఐ. చిత్రములలో ఎఱ్ఱగా, పసుపుగా వెలుగు భాగములు కనబడును. అవి కెమెరా తీసిన రంగులు కావు. గణితపరీక్షలో ఒక హద్దు దాటిన వాక్సెలులకు పరిశోధకుడు వేసిన రంగులు. అమెరికాలో క్రెయిగ్ బెన్నెట్ మొదలగువారు 2009లో దీనిని ఒక చచ్చిన సాల్మను చేపతో నిరూపించిరి. చేపను యంత్రములో నుంచి, మనుష్యుల ఫొటోలను దానికి చూపినట్లు పరీక్ష నడిపిరి. వేలకొలది వాక్సెలులను ఒక్కమారుగా పరీక్షించునపుడు చేయవలసిన సవరణను చేయనప్పుడు, చచ్చిన చేప మెదడులో కూడ కొన్ని భాగములు పనిచేయుచున్నట్లు వెలిగినవి. సవరణ చేసినంతనే ఆ వెలుగు మాయమైనది. ఈ పరిశోధనకు 2012లో ఇగ్ నోబెల్ బహుమానము వచ్చినది. చదువరికి నవ్వు పుట్టించినను, ఇందలి హెచ్చరిక గంభీరమైనది.

నాలుగవది నోటుబుక్కునకే సంబంధించినది. గడులను పైనుండి క్రిందికి వరుసగా నడుపవలెనను నిర్బంధము లేదు. ఏడవ గడిని నడిపి, తరువాత మూడవదానిని మార్చి నడిపినచో, తెరపైనున్న చిత్రము తెరపైనున్న ఆదేశములకు సరిపోకపోవచ్చును. అందరికి అందుబాటులో నుంచబడిన సుమారు 14 లక్షల నోటుబుక్కులను సేకరించి జరిపిన ఒక పరిశీలన 2019లో ప్రకటింపబడినది. అందు తిరిగి నడిపి చూచినవానిలో నూటికి సుమారు 24 మాత్రమే తప్పులేకుండ నడచినవి. నూటికి సుమారు 4 మాత్రమే తొలుత చూపిన ఫలితమునే మరల ఇచ్చినవి. కాబట్టి పని ముగిసిన పిమ్మట అంతయు తుడిచి, మొదటి గడినుండి చివరివరకు వరుసగా నడిపి, అదే చిత్రము వచ్చినదా లేదా అని చూచుకొనుట విధి. ఈ నియమము లేని నోటుబుక్కు హీటు నంబరు తప్పుగా వేసిన కడ్డీ వంటిది.

ఎవరి మెదడు కొలబద్ద?

ఒక రోగి మెదడులో ఏదైన భాగము కుంచించుకొనిపోయినదా యని తెలిసికొనుటకు, దానిని ఆరోగ్యవంతుల సగటు మెదడుతో పోల్చవలెను. ప్రపంచమున ఎక్కువగా వాడబడు నమూనా కెనడాలోని మాంట్రియల్ నరముల పరిశోధనా సంస్థవారు 152 మంది మెదడు చిత్రములనుండి తయారుచేసినది. నైలెర్న్ మొదలగు సంపుటులలో సాధారణముగా కనబడు త్రిమితీయ మెదడు ఇదియే. అయితే అది భారతీయుల మెదడులనుండి తయారైనది కాదు.

ఈ లోపమును తీర్చుటకు హైదరాబాదులోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక విజ్ఞాన సంస్థకు చెందిన జయంతి శివస్వామియు, వారి సహచరులును, తిరువనంతపురములోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థ వైద్యుల సహకారముతో, భారతీయ మెదడు పటమును నిర్మించి 2019లో ప్రకటించిరి. 100 మంది చిత్రముల ఆధారముతో తయారైన దీనికి ఐ.బి.ఎ.100 అని పేరు. భారతీయుల మెదడు సగటున పాశ్చాత్యుల, చీనీయుల, కొరియనుల మెదడు నమూనాలకంటె ఎత్తు, వెడల్పు, ఘనపరిమాణములలో కొంత చిన్నదని వారు కనుగొనిరి. తెలివితేటలకును దీనికిని సంబంధము లేదు. దీని ప్రయోజనము వైద్యసంబంధమైనది. పరదేశపు నమూనాతో పోల్చినప్పుడు ఆరోగ్యముగా నున్న భారతీయ వృద్ధుని మెదడు కూడ కుంచించుకొనినట్లు కనబడి, మతిమరపు రోగమని పొరబడుటకు అవకాశము కలదు. కొలబద్ద సరియైనదగుట చిత్రము అందముగా నుండుటకంటె ముఖ్యము.

చెన్నైలోని మద్రాసు ఐ.ఐ.టి. వారు గర్భస్థశిశువు మెదడును మిక్కిలి సూక్ష్మముగా చూపు ధరణి అను పటమును 2024 డిసెంబరులో విడుదల చేసిరి. 5,132 సన్నని కోతల చిత్రములు అందు చేర్చబడినవి. ఇట్టి కృషివలన మన దేశప్రజల శరీరనిర్మాణము మన శాస్త్రజ్ఞులచేతనే కొలువబడుచున్నది.

శిరస్సు చిత్రములో ముఖమును కలదు

హద్దు సంఖ్యను మార్చినంతనే పుర్రెకు బదులు చర్మము వచ్చునని పైన చెప్పబడినది. ఇందలి అపాయమును సామాన్యజనులు గ్రహించుట అవసరము. దస్త్రమునుండి రోగి పేరు, వయస్సు, చిరునామా తీసివేసినను, ముక్కు, పెదవులు, గడ్డము, కన్నులు ఆ అంకెలలోనే నిలిచియుండును. అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు 2019లో ప్రకటించిన పరీక్షలో 84 మంది స్వచ్ఛందముగా పాల్గొనిరి. పేర్లు లేని వారి ఎం.ఆర్.ఐ. చిత్రములనుండి ముఖములను కట్టి, ఫొటోలతో పోల్చగా, ముఖములను గుర్తించు యంత్రాంగము 70 మందిని సరిగా గుర్తించెను.

కావున పరిశోధనకై తల చిత్రములను ఇతరులకిచ్చు సంస్థలు పేరును తొలగించుటతో తృప్తిపడరాదు. ముఖభాగపు వాక్సెలులను కూడ చెరిపివేసి, మెదడును మాత్రము మిగుల్చుట మంచి ఆచారము. నోటుబుక్కులో ఇది ఒకటి రెండు గడుల పని. చెరిపిన పిమ్మట తలను త్రిమితీయముగా త్రిప్పి, ముఖము నిజముగా పోయినదా యని కంటితో చూడవలెను. నోటుబుక్కును ఇతరులకు పంపునపుడు ఇంకొక జాగ్రత్త కావలెను. గడుల క్రింద నిలిచియున్న పాతచిత్రములు పత్రముతోపాటే ప్రయాణము చేయును. దస్త్రమును పంపకపోయినను, ముఖము పోవచ్చును. భారతీయ వైద్య పరిశోధనా మండలి 2017లో వెలువరించిన నైతిక సూత్రములు పరిశోధనలో పాల్గొనువారి సమ్మతిని, గోప్యతను విధిగా పాటింపవలెనని చెప్పుచున్నవి. వ్యక్తిగత సమాచార రక్షణకై పార్లమెంటు 2023లో ఒక చట్టము చేసినది.

ప్రజలు తెలిసికొనవలసిన విషయములు

1. తలకు గట్టిదెబ్బ తగిలినవాడు బాగుగ మాటలాడుచున్నను, తరువాత వాంతులు, పెరుగుచున్న తలనొప్పి, మగత, మాట తడబడుట, కాలుసేతులలో బలహీనత, మూర్ఛ, ముక్కునుండిగాని చెవినుండిగాని నీరో రక్తమో కారుట వీనిలో ఏది కనిపించినను ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. నిద్రపోవుచున్నాడని ఊరకుండరాదు.

2. తల సి.టి. స్కానులో శరీరమునకు సోకు కిరణముల మోతాదు సుమారు 2 మిల్లీసీవర్టులు. ప్రకృతినుండి ఒక సంవత్సరములో సామాన్యముగా సోకు మోతాదునకు ఇది దాదాపు సమానము. అవసరమైనపుడు దీనికి భయపడరాదు. అవసరము లేనపుడు కోరరాదు. గర్భిణీస్త్రీలు ఆ సంగతిని ముందుగనే చెప్పవలెను.

3. ఎం.ఆర్.ఐ. గదిలో అయస్కాంతము ఎల్లప్పుడు పనిచేయుచుండును. గుండెకు అమర్చిన విద్యుత్ యంత్రము, మెదడులోని రక్తనాళమునకు వేసిన క్లిప్పు, చెవిలో అమర్చిన యంత్రము గలవారు తప్పక ముందుగా తెలుపవలెను. గ్రైండింగు, లేతు, చిప్పింగు మొదలగు పనులు చేసినవారిలో ఎవరికైన ఎప్పుడైనను కంటిలో ఇనుపరజను పడియున్నచో, అది ఎన్ని ఏండ్ల క్రిందటి సంగతియైనను చెప్పవలెను. కంటిలో మిగిలిన చిన్న ఇనుప తునుక అయస్కాంతబలముచే కదలి చూపును పోగొట్టవచ్చును. ఉక్కు పట్టణవాసులకు ఈ హెచ్చరిక విశేషముగా వర్తించును.

4. స్కాను చిత్రములను, రేడియాలజిస్టు నివేదికను రెండింటిని భద్రపరచుకొనవలెను. కాగితముపై ముద్రించిన కొన్ని చిత్రములకంటె, సి.డి.లోగాని మరియొక విధముగా గాని ఇచ్చు మూలదస్త్రము మేలు. రెండవ వైద్యుని అభిప్రాయము కావలసినపుడు అదియే ఉపయోగపడును.

5. త్రిమితీయ చిత్రమును చూచి రోగనిర్ణయమును స్వయముగా చేసికొనరాదు. నోటుబుక్కులలో వాడు సంపుటులు ప్రధానముగా పరిశోధనకును, విద్యాబోధనకును ఏర్పడినవి. చికిత్స వైద్యుని నిర్ణయమునుబట్టియే జరుగవలెను.

6. తల స్కానును ఫోనులో బంధుమిత్రుల సమూహములకు పంపుట మంచిది కాదు. పరిశోధనకై అడిగినపుడు, ముఖభాగమును చెరుపుదురా, ఎవరెవరికి ఇత్తురు, సమ్మతిని తరువాత ఉపసంహరించుకొనవచ్చునా అని అడుగు హక్కు ప్రతి వ్యక్తికిని కలదు.

7. మోటారు సైకిలుపై పోవు ప్రతివాడును, వెనుక కూర్చుండువాడును, హెల్మెటు ధరించి పట్టీని బిగించుకొనవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము దీనిని విధించినది. కార్ఖానాలో ఇచ్చు రక్షణ టోపీ రోడ్డుపై హెల్మెటుకు బదులు కాదు.

శిరస్సు లోపలి చిత్రము కోట్లకొలది అంకెలనుండి, ఎందరో చేసిన నిర్ణయములనుండి పుట్టినది. ఆ నిర్ణయములను దాచక వరుసగా చూపుట నోటుబుక్కుయొక్క గుణము. వానిని చదివి, అడిగి, సరిచూచుట శాస్త్రజ్ఞుని ధర్మము. దెబ్బ తగులకుండ చూచుకొనుట, తగిలినప్పుడు ఆలస్యము చేయకుండుట, తన తల చిత్రమును తన ముఖమువలెనే కాపాడుకొనుట ప్రజల ధర్మము.